ఒక్క స్టారు ప్యాసింజర్

ఉదయం పది గంటల నలభై నిమిషాలకు జిరాక్స్ షాపు ముందు డిటెక్టివ్ స్కూటరు ఆపి, స్టాండు వేయకముందే చేతి గడియారం చూసుకున్నాడు. సాక్షి మాయమై గంటా పదిహేడు నిమిషాలైంది. కోర్టులో ఆమెను పిలవడానికి ఇంకా మూడు గంటల ఇరవై నిమిషాలుంది.

సాక్షి ఒక లిఫ్ట్ ఇంజనీరు. ముప్పై ఏళ్లుంటాయేమో. పదంతస్తుల భవనంలో లిఫ్టు తెగి పడి నలుగురు చనిపోయారు. ఆ లిఫ్టు పనికిరాదని అంతకు పదిహేను రోజుల ముందే రాసి, సంతకం పెట్టి, బిల్డర్ చేతికిచ్చిన మనిషి ఆమె. కాగితం తర్వాత మాయమైంది. మిగిలింది ఆమె నోటి మాట ఒక్కటే. కేసు ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఈసారి రెండు గంటలకు సాక్షి రాకపోతే కేసు మూసేస్తానని జడ్జి ముందే చెప్పేశాడు. అప్పుడు బిల్డర్ కాలరెగరేసుకుంటూ ఇంటికి పోతాడు.

ఆమెను మూడు వారాలుగా దాచి ఉంచింది డిటెక్టివే. జిరాక్స్ షాపు మీద ఒంటి గది, కొత్త ఫోను, కొత్త నంబరు, క్యాబ్ కంపెనీలో మారుపేరుతో కొత్త అకౌంటు, అన్నీ ఆయన ఏర్పాటే. సొంత బండి వద్దు, తెలిసిన డ్రైవరు వద్దు, ప్రతిసారీ కొత్త ముఖమైతే వెంటపడేవాడికి దొరకరు అన్నది ఆయన పద్ధతి. ఆ గదీ ఆ నంబరూ తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకరు ఆయన, రెండోవాడు ఆయన బావమరిది.

డిటెక్టివ్‌ను ఊరంతా మాస్టారంటుంది. ఈ పనిలోకి రాకముందు పన్నెండేళ్లు పోలీసు ట్రైనింగ్ స్కూల్లో పాఠాలు చెప్పాడు. ఏ సంగతైనా నిమిషాలతో సహా చెప్పకపోతే ఆయనకు వినబడదు. కాఫీ ఆలస్యమైందని భార్యతో పోట్లాడినా, ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో చెప్పి మరీ పోట్లాడతాడు.

బావమరిది ఆయనకంటే అరగంట ముందే వచ్చి ఉన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అతని నోరు అంత మంచిది. అప్పటికే షాపు యజమానురాలిని పిన్నిగారూ అని వరస కలిపి, ఆమె భయం పోగొట్టి, చూసినదంతా టైములతో కాగితం మీద రాయించి పెట్టాడు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. తప్పు తనదేనని, తానే వచ్చి కోర్టులో దింపాల్సిందని తల కొట్టుకుంటుంటే, డిటెక్టివ్ అతని భుజం మీద చెయ్యి వేసి ఊరుకోమన్నాడు.

షాపు యజమానురాలు చెప్పింది ఇదీ. ఎనిమిది యాభైకి ఆ అమ్మాయి కిందికి దిగింది. ఎనిమిది యాభై రెండుకి కారు దొరికిందని నవ్వింది. రెండు నిమిషాలకు డ్రైవరు రద్దు చేశాడు. ఇంకో కారు, అదీ రద్దు. అలా తొమ్మిది పంతొమ్మిది దాకా ఏడుగురు ఒప్పుకున్నారు, ఏడుగురూ రద్దు చేశారు. పిల్ల ముఖం పాలిపోయింది. ఎనిమిదో కారు తొమ్మిది ఇరవైకి ఒప్పుకుని, తొమ్మిది ఇరవై మూడుకి వచ్చింది. తెల్ల కారు. పక్క సందులోంచి వచ్చింది. అమ్మాయి ఎక్కింది. తొమ్మిది ముప్పై ఒకటికి ఆమె ఫోను ఆగిపోయిందన్నది బావమరిది చెప్పాడు.

డిటెక్టివ్ ఆ సందులోకి వెళ్లాడు. బండ్లు తిరగని సందు. ఒక పక్క షాపు గోడ, ఇంకో పక్క మూసేసిన గిడ్డంగి. గోడ నీడలో నేల మీద నీళ్ల మరక కనబడితే గొంతుక్కూర్చున్నాడు. పైన పైపు లేదు, దగ్గర్లో కుళాయి లేదు. వేలితో తాకి వాసన చూశాడు. మామూలు నీళ్లే. మరకకు మూరెడు అవతల, మెత్తటి మట్టిలో టైరు అచ్చు నిలబడి ఉంది.

"ఏసీ వేసుకుని కూర్చున్నాడు," అన్నాడు బావమరిదితో. "కారు కింద నుంచి నీళ్లు కారాయి. కారు వెళ్లి గంటన్నర కావస్తున్నా ఆరలేదంటే, అరగంటకు తక్కువ లేడు. ఆమె మొదటి కారు పిలవకముందే వీడిక్కడ కాచుక్కూర్చున్నాడు."

బావమరిది తలూపి, ఆ మరకను ఫోటో తీసుకున్నాడు.

అంటే ఆమె చివరికి తన కారే ఎక్కుతుందని ఆ ఎనిమిదో డ్రైవరుకి ముందే తెలుసు. ఆఫీసుల వేళ, చుట్టుపక్కల నలభై కార్లున్న చోట, ఎవరి వేలు ముందు పడితే ప్రయాణం వాళ్లదైనప్పుడు, అది తనకే దక్కుతుందని ఒక మనిషి అంత ధీమాగా ఎలా కూర్చుంటాడు? మిగిలిన ఏడుగురూ ఒప్పుకుని మరీ ఎందుకు వదిలేశారు? డిటెక్టివ్‌కు అక్కడ ముడి పడింది.

ఆ ముడి విప్పే కాగితాలు పదకొండు గంటల ఐదు నిమిషాలకు పోలీసు జీపులో వచ్చాయి. తెచ్చినవాడు ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు మాస్టారి క్లాసులో వెనక బెంచీ. మాస్టారు అతన్ని రెండుసార్లు పరీక్ష తప్పించాడు, ఆ కోపం ఇంకా చల్లారలేదు. జీపు తలుపు ధడేల్మని వేశాడు, నమస్కారం మింగేశాడు, కాగితాలు స్కూటరు సీటు మీద పడేశాడు.

ఎనిమిదో కారు ఎవరి ఐడీ మీద వచ్చిందో ఆ డ్రైవరును ఇంట్లో నిద్రపోతుండగా లేపి లాకప్పులో పెట్టాడట. తన ఐడీని ఎవరికో వారం రోజులకు అద్దెకిచ్చానని, ఆ మనిషిని ఫోనులో తప్ప చూడలేదని వాడు కాళ్లావేళ్లా పడుతున్నాడట. వాడి సంగతి తర్వాత చూడొచ్చనీ, అసలు దొంగ మాస్టారు దాచిపెట్టిన సాక్షేననీ ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు.

"గదిలో కూర్చుని వణుకుతోందనుకున్నారు మీరు. తొమ్మిది రోజుల్లో పద్నాలుగు సార్లు ఊరు తిరిగింది మాస్టారూ. కంపెనీవాళ్లిచ్చిన లెక్క ఇది. బిల్డర్‌తో బేరం మాట్లాడుకుంది, ఇవాళ బేరం కుదిరింది, కారు పంపించారు, ఎక్కిపోయింది. దానికి మీరు కాపలా."

డిటెక్టివ్ కాగితం తీసుకున్నాడు. కారెక్కే జనం చాలామంది, స్టార్లు ఇచ్చేది తామే అనుకుంటారు. దిగాక డ్రైవరు కూడా వాళ్లకు మార్కులు వేస్తాడని, ఆ మార్కులు తర్వాతి డ్రైవరుకు కనబడతాయని సగం మందికి తెలియదు. సాక్షి మార్కులు అయిదుకి రెండు పాయింట్ రెండు ఆరు. మొదట్లో ఆమె చేసిన అయిదు ప్రయాణాలకూ అయిదేసి స్టార్లున్నాయి. తర్వాతి పద్నాలుగింటిలో పదమూడింటికి ఒక్కటే స్టారు. పక్కన డ్రైవర్ల ఫిర్యాదులు. తలుపు బాదడం, పది నిమిషాలు నిలబెట్టడం, బూట్లతో సీటు మీద కాళ్లు, కిటికీలోంచి చెత్త, ఎర్ర దీపం దాటమని కేకలు. రెండున్నర కూడా లేని ప్యాసింజరును ఏ డ్రైవరూ నెత్తికెత్తుకోడు. అలవాటు కొద్దీ నొక్కేస్తారు, తర్వాత ఆ అంకె చూసి నాలుక కరుచుకుని రద్దు చేస్తారు. ఏడుగురు చేసింది అదే.

"చూశారా, కారులో కూర్చోవడం కూడా రాని మనిషి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ వేలు మూడో వరుస మీద ఆగింది. మంగళవారం, పదకొండు పది.

"ఏమయ్యా, మంగళవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా ఆమె లాయరు గదిలో నా పక్క కుర్చీలో ఉంది. మరి పదకొండు పదికి ఈ కారెక్కిందెవరు?"

"మీ గడియారం తప్పేమో."

"నా గడియారం తప్పయితే నువ్వు పరీక్ష పాసయినట్టే."

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి, అయితే ఒక్క మాట ఆలోచించమన్నాడు. ఆమె అకౌంటు వేరేవాళ్ల చేతిలో ఉందంటే, అది ఎవరి చేతుల మీదుగా తెరిచారో వాళ్లనే అడగాలి కదా అన్నాడు. కంచే చేను మేసిందేమో చూసుకోమన్నాడు. అంటూ ఆరడుగుల దూరంలో నిలబడ్డ బావమరిది వైపు గడ్డం ఎగరేశాడు.

డిటెక్టివ్‌కు నషాళానికంటింది. "నోరు జాగ్రత్త. పద్నాలుగేళ్ల వయసు నుంచీ వాణ్ణి నా కంచం పక్కన కంచం పెట్టి పెంచాను. నీలాంటివాళ్లు పదిమంది కలిసినా వాడి మంచితనం ముందు చాలరు."

ఇన్‌స్పెక్టర్ భుజాలెగరేసి, కాగితాలు ఉంచుకోండి అని జీపెక్కాడు. బిల్డర్‌కు ఊరి బయట ఉన్న గోడౌన్లు వెతకడానికి పోతున్నాననీ, పిలిస్తే పలుకుతాననీ అన్నాడు. ఆ రెండో మాట మర్యాదగానే అన్నాడు, కానీ డిటెక్టివ్ అది పట్టించుకునే స్థితిలో లేడు.

జీపు మలుపు తిరిగాక బావమరిది మెల్లగా దగ్గరికొచ్చాడు. వాడి మాటలు మనసులో పెట్టుకోకు బావా అన్నాడు. ఆ కాగితం ఇటిస్తే డ్రైవర్లందరికీ తాను ఫోన్లు చేస్తానన్నాడు. డిటెక్టివ్ ఒప్పుకోలేదు, ఎందుకంటే నిమిషాల లెక్క తనే చూసుకోవాలని ఆయన పట్టుదల. అతన్ని ఆస్పత్రులు తిరిగి పన్నెండున్నరకల్లా ఆఫీసుకు రమ్మని పంపించి, షాపు మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క నంబరే నొక్కాడు.

ముగ్గురు డ్రైవర్లు ఎత్తారు. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. పేరు ఆడమనిషిది, ఎక్కింది మగమనిషి. టోపీ, ముఖానికి మాస్కు. చెల్లెలు బుక్ చేసిందన్నాడట. అంత తలబిరుసు ప్యాసింజరును పుట్టి ఎరగమన్నారు. వాళ్లలో ఒకాయన, తన కారు తలుపు ఇప్పటికీ సరిగా పడటం లేదని డిటెక్టివ్‌కు ఫిర్యాదు చేశాడు.

అయితే పద్నాలుగింటిలో ఒక్కటి తేడాగా ఉంది. గురువారం సాయంత్రం నాలుగు ఇరవై ప్రయాణం. దానికి అయిదు స్టార్లు. పనిగట్టుకుని చెడ్డపేరు తెచ్చుకుంటున్నవాడికి ఆ ఒక్క రోజు ఏమైంది? ఆ కారు నడిపింది ఒక ఆడమనిషి. రైల్వే స్టేషను బయట క్యాబుల వరసలో ఉన్నానని చెప్పింది. పదకొండు యాభైకి డిటెక్టివ్ ఆమె కారు వెనక సీట్లో కూర్చున్నాడు.

డ్రైవరమ్మకు నలభై దాటి ఉంటాయి. ముందు సీటు వీపుకు చేత్తో రాసిన అట్ట వేలాడుతోంది. "తలుపు మెల్లగా వేయండి. ఇది మీ అత్తగారి బీరువా కాదు." డిటెక్టివ్ తలుపును రెండు చేతులతో దగ్గరికి లాగి వేస్తే, అద్దంలో చూసి మెచ్చుకోలుగా తలాడించింది.

"గురువారం నాలుగు ఇరవైకి ఎక్కినాయన గుర్తున్నాడామ్మా?"

"గుర్తుండకేం సార్. నన్ను బతికించాడు."

ఆమె చెప్పుకొచ్చింది. మొదట అతని మీద ఒళ్లు మండిందట. ఎనిమిది నిమిషాలు నిలబెట్టి వచ్చాడు, అద్దాలదిరేలా తలుపు వేశాడు, కూర్చోగానే బూటు కాళ్లు సీటెక్కించాడు. ఒక్క స్టారు కూడా దండగే అనుకుందట. వంతెన దాటాక ఆమెకు చేతులు వణకడం మొదలైంది. షుగరుంది, పొద్దున్నుంచి తినడానికి తీరిక దొరకలేదు. కళ్లు చీకట్లు కమ్మాయి. వెనకనుంచి ఆ మనిషి ముందుకు వంగి కారు పక్కకు తీయించాడు, హ్యాండ్ బ్రేకు లాగాడు, మాస్కు ఊడబెరికి టీ బడ్డీ దాకా పరిగెత్తాడు.

"కాగితంలో పంచదార తెచ్చి నాలుక కింద పోశాడు సార్. మణికట్టు పట్టుకుని, అక్కా, వంద నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టు, ఎక్కడా ఆగొద్దు అన్నాడు. తొంభై ఏడు, తొంభై నాలుగు అని మొదలెట్టాను. డెబ్బై తొమ్మిది దగ్గర తప్పాను. మళ్లీ వంద నుంచి మొదలెట్టించాడు. తప్పు లేకుండా పది దాకా వచ్చేవరకు చెయ్యి వదల్లేదు. ఇరవై అయిదు నిమిషాలు కూర్చున్నాడు నా పక్కన."

డిటెక్టివ్ కాగితం తీసి గురువారం వరుస మీద వేలు పెట్టాడు.

"దిగేటప్పుడు ఏమన్నాడో తెలుసా? నాకు ఒక్క స్టారే వెయ్యి అక్కా, మర్చిపోకు అన్నాడు. పరాచికాలనుకుని నవ్వాను. అంత మంచి మనిషికి ఒకటెలా వేస్తాను సార్? అయిదూ వేశాను."

డిటెక్టివ్ భార్యకు ఇరవై రెండేళ్లుగా షుగరు. అది పడిపోయినప్పుడు మాట్లాడిస్తూ ఉండాలని డాక్టరు చెబితే, ఊరికే మాట్లాడిస్తే బుర్ర పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుందని, వంద నుంచి మూడేసి తగ్గించే లెక్క తయారుచేసింది డిటెక్టివే. ఏ పుస్తకంలోనూ లేదది. అక్క మంచం పక్కన కూర్చోబెట్టి ఆ లెక్క ఆయన నేర్పింది లోకంలో ఒక్కడికే. గురువారం నాలుగు గంటల ఐదు నిమిషాలకు ఆ ఒక్కడు అక్కకు మందులు తెస్తానని ఆఫీసు నుంచి వెళ్లాడు. అయిదున్నరకు వచ్చాడు. మందులు తెచ్చాడు కూడా.

ఆయనకు ఒళ్లు చల్లబడింది. ఇన్‌స్పెక్టర్ మాట చెవిలో గింగురుమంది. నడివీధిలో తను అతని మీద అరిచిన అరుపు అంతకంటే గట్టిగా వినిపించింది. డ్రైవరమ్మ వెనక్కి తిరిగి, మీకూ షుగరా సార్ అని మంచినీళ్ల సీసా అందించింది. కాదమ్మా అని చెప్పి, నీళ్లు తాగి, తలుపు మెల్లగా వేసి దిగాడు.

పన్నెండు నలభైకి ఆయన ఆఫీసు మెట్లెక్కేసరికి బావమరిది అక్కడే ఉన్నాడు. లేచి కుర్చీ జరిపాడు, ఫ్యాను వేశాడు, ఆస్పత్రుల్లో ఆమె ఎక్కడా లేదని చెప్పాడు. డిటెక్టివ్ తలుపు గడియ పెట్టి, కూర్చోకుండానే అడిగాడు.

"వంద నుంచి మూడేసి తగ్గిస్తూ లెక్కపెట్టరా."

బావమరిది నవ్వబోయాడు. బావ ముఖం చూసి మానేశాడు. "తొంభై ఏడు," అన్నాడు. "తొంభై నాలుగు," అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. బల్ల అంచు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. నేల వైపు చూస్తూ, ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"ఆవిడ అయిదేసిందా?"

"అయిదేసింది."

"ఒకటే వెయ్యమన్నాను బావా."

ఇక దాచడానికేమీ మిగల్లేదు. అకౌంటు తెరిచిన రోజే దాన్ని తన ఫోనులో కూడా తెరిచి పెట్టుకున్నానని ఒప్పుకున్నాడు. నెల కిందట బిల్డర్ మనిషి వచ్చి కలిశాడట. వాళ్ల సెక్యూరిటీ కంపెనీ మొత్తం చేతిలో పెడతామని, గది తలుపు మీద పేరు రాయిస్తామని అన్నాడట. ఆమెను బలవంతంగా లాక్కుపోతే వీధిలో గొడవవుతుంది, తనంతట తానే కారెక్కాలి అన్నారట. ఏ కారూ రాకుండా చేస్తే వచ్చిన కారెక్కుతుందన్న ఆలోచన మాత్రం తనదేనని చెప్పాడు. చెప్పేటప్పుడు అతని గొంతులో సిగ్గుతో పాటు కాస్త గర్వం కూడా ఉంది. డిటెక్టివ్‌కు అది అన్నిటికంటే అసహ్యంగా తోచింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదరా. ఎందుకు?"

"ఇరవై రెండేళ్లు బావా. బయట బోర్డు మీద నీ పేరొక్కటే. కేసు గెలిస్తే మాస్టారి బుర్ర. ఓడితే బావమరిది సరిగా తిరగలేదు. ఎప్పుడైనా ఒక్కసారి నా పేరు కూడా రాయిద్దామని నీకు తోచిందా?"

తోచలేదు. అది నిజమే. నిజం కావడం వల్ల డిటెక్టివ్‌కు కోపం ఇంకా పెరిగింది. కొట్టాలనిపించింది, చెయ్యి లేవలేదు. ఆ చేతులతోనే వాడికి సైకిలు తొక్కడం నేర్పాడు. సాయంత్రం ఇంటికెళ్లి భార్య ముఖం ఎలా చూడాలో, నీ తమ్ముడు ఇలా చేశాడని ఏ నోటితో చెప్పాలో ఆయనకు తెలియలేదు. ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు.

ఆమె ఎక్కడుందని అడిగాడు. తెలియదన్నాడు. సాయంత్రం దాకా ఉంచి వదిలేస్తామన్నారట, ఒంటి మీద చెయ్యి వేయమని ఒట్టు పెట్టారట.

"వాళ్ల ముఖాలు చూసింది కదరా. చూసిన మనిషిని వదిలిపెడతారా?"

ఆ మాట తనకూ తట్టిందని, తట్టినా పక్కకు నెట్టేశాడని బావమరిది కళ్లే చెబుతున్నాయి. తర్వాత ఇంకోటి కూడా చెప్పాడు. తను ఎక్కని ప్రయాణాలు తన లెక్కలో ఎందుకున్నాయని ఆమె రెండుసార్లు ఫోను చేసి అడిగిందట. మాస్టారే ఏదో పరీక్ష కోసం చేయిస్తున్నారు, కంగారు పడొద్దు అని సర్దిచెప్పాడట.

"నా పేరు చెప్పావా?"

"నీ పేరైతే నమ్ముతుందని బావా."

అప్పుడు, ఒంటిగంట నాలుగు నిమిషాలకు, బల్ల మీదున్న బావమరిది ఫోను కిర్రుమంది. ఇద్దరూ దాని మీదికి వంగారు. తెర మీద సాక్షి అకౌంటు తెరుచుకుని ఉంది. మీ కోసం కారు వెతుకుతున్నాం అని రాసి ఉంది.

ఆమె బతికే ఉంది. ఎలా తప్పించుకుందో, ఫోను ఎలా చేజిక్కించుకుందో గానీ, ఊరి బయట మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ వెనక రోడ్డు మీద నిలబడి, ఆఫీసుకు పద్నాలుగు కిలోమీటర్ల దూరం నుంచి కోర్టుకు కారు పిలుస్తోంది. ఒక డ్రైవరు ఒప్పుకున్నాడు. అరనిమిషంలో రద్దు చేశాడు. ఇంకొకడు ఒప్పుకున్నాడు. రద్దు. మూడోవాడు. రద్దు. పక్కన చిన్న అక్షరాల్లో రెండు పాయింట్ రెండు ఆరు కనబడుతూనే ఉంది.

డిటెక్టివ్ తన ఫోను నుంచి ఆమెకు రింగు చేశాడు. ఆమె కట్ చేసింది. మళ్లీ చేశాడు. మళ్లీ కట్ చేసింది. బావమరిది చేశాడు. అదీ కట్ చేసింది.

అప్పుడాయన ఇన్‌స్పెక్టర్‌కు ఫోను చేశాడు. "నువ్వు చెప్పిందే నిజమయ్యా. నా ఇంట్లోంచే పోయింది," అన్నాడు. వెక్కిరిస్తాడనుకున్నాడు. కానీ ఇన్‌స్పెక్టర్ ఎక్కడో చెప్పమన్నాడు, చెబితే జీపు స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. పది నిమిషాల్లో అక్కడుంటానన్నాడు.

ఫోను పెట్టేసేసరికి నాలుగో కారు ఒప్పుకుని ఉంది. మూడు నిమిషాల దూరం. రద్దు చేయలేదు. ఎవరో పుణ్యాత్ముడు, అంకె చూడకుండా వస్తున్నాడు అనుకుని డిటెక్టివ్ ఊపిరి పీల్చుకున్నాడు. బావమరిది మాత్రం తెర మీద ఆ కారు నంబరు దగ్గర వేలు పెట్టాడు.

"వాళ్లు రెండు ఐడీలు అద్దెకు తీసుకున్నారు బావా. రెండోది ఇదే."

డిటెక్టివ్ ఆ ఫోను లాక్కుని ప్రయాణం రద్దు చేశాడు. ఆమె అక్కడినుంచి వెంటనే మళ్లీ పిలిచింది. ఈసారి వేరే డ్రైవరు వేలు ఒక్కటీ పడలేదు. అదే కారు. రెండు నిమిషాలు. మళ్లీ రద్దు చేశాడు. ఆమె మళ్లీ పిలిచింది, అదే కారు మళ్లీ ఒప్పుకుంది. మూడోసారి రద్దు నొక్కితే, మీరు చాలాసార్లు రద్దు చేశారు, కొంతసేపు ఈ వీలు లేదు అని తెర మీద వచ్చింది. ఆమె నంబరుకు మెసేజ్ పంపాడు. ఆ కారు ఎక్కొద్దు, అది వాళ్లదే, పోలీసులు వస్తున్నారు, దాక్కో అని రాశాడు.

ఆమె చదివింది. జవాబు వెంటనే వచ్చింది.

"ఈ నంబరు మీ ఇద్దరికే తెలుసు సార్. నా పేరు మీద ఆ ప్రయాణాలన్నీ మీరే చేయించారని ఆయన చెప్పారు. ఇప్పుడు వచ్చే కార్లు కూడా మీరే ఆపుతున్నారు కదా. మీరు ఎక్కొద్దన్నారంటే ఇది మంచి కారే అయ్యుంటుంది."

ఆయన ఇంకో మాట టైపు చేస్తుండగానే, ఒంటిగంట తొమ్మిది నిమిషాలకు, తెర మీద కారు బొమ్మ ఆమె ఉన్న చోటికి చేరి ఆగింది. కింద కొత్త అక్షరాలు వచ్చాయి. ప్రయాణం మొదలైంది, సీటు బెల్టు పెట్టుకోండి. ఇన్‌స్పెక్టర్ అక్కడికి చేరడానికి ఇంకా ఏడు నిమిషాలుంది.